మూడో చదరం

హాలు గోడ మీద నాలుగు చదరాలు పూసి
ఏళుమలై టీకి వెళ్ళాడు.
పెరంబూరులో వాన వెలిసిన పొద్దు,
పుట్టీ వాసన, తడి గోనె వాసన,
బాల్కనీ తీగ మీద మూడ్రోజులుగా ఆరని దుప్పటి.

షేడ్ కార్డు విసనకర్రలా విప్పితే
అన్నీ ఏమీ కాని రంగులే.
పేర్లు మాత్రం గొప్పింటి కుక్కపిల్లల పేర్లు:
ఎడారి గుసగుస అట, సముద్రపు నిట్టూర్పు అట.
నేను వాటిని మా వంటింట్లోకి లాక్కొచ్చి మళ్ళీ పేరు పెట్టాను.
ఉల్లిపొర.
పాల మీగడ.
పొయ్యి ఆరిన మర్నాటి బూడిద.
బియ్యం కడిగిన నీళ్ళు, అదీ రెండోసారి కడిగినవి.

నాకు కావలసింది ఆ కార్డులో లేదు.
లేత పిస్తా పచ్చ.
పద్దెనిమిదేళ్ళు అద్దె ఇళ్ళలో
ఎవరో కొట్టించిన నీలాల మధ్య బతుకుతూ
దాచుకున్న పచ్చ.
నా పోరు పడలేక ఏళుమలై
రెండో చదరంలో అదే పూశాడు.

చక్రపాణి స్నానం చేసి వచ్చి, తల తుడుచుకుంటూ
"రెండూ నాలుగూ ఒకటే వేశాడేంటి?" అన్నాడు.
నాలుగోది బిస్కెట్ రంగు.
నేను నవ్వాను.
అతను నవ్వలేదు.

ఎన్నాళ్ళ లెక్కలో ఒక్కసారిగా సరిపోయాయి.
సిగ్నల్ దగ్గర రంగు కాదు,
వెలిగింది పైదా కిందదా అని వెతికే చూపు.
టమాటాలు నొక్కి, వాసన చూసి కొనే చాదస్తం.
పెళ్ళైన ఏడాది, "నీకిష్టమైన కాఫీపొడి రంగు" అంటూ
తెచ్చిన ముదురాకుపచ్చ చీర.
కొట్లో పొట్లం మారిందేమో అనుకుని
మాట్లాడకుండా కట్టుకున్నాను.

ఛాతీ కొలత అరంగుళం తగ్గి
రైలింజను నడపాల్సిన మనిషి
జీతాల బిల్లుల గుమస్తా అయిన కథ
మా రెండు వైపుల వాళ్ళకీ కంఠతా వచ్చు.

"ఛాతీ కాదు," అన్నాడు గోడతో.
"చుక్కల పుస్తకం.
ఇందులో ఏ అంకె ఉంది అని అడిగాడు డాక్టరు.
నాకు చుక్కలే కనిపించాయి.
బయట నాన్న స్వీట్ల పొట్లంతో నిలబడున్నాడు.
ఏదో ఒకటి చెప్పాలిగా."

తువ్వాలు ఇంకా తల మీదే ఉంది.
ఏమనాలో తెలీక
ఒకటో చదరం మీద వేలు పెట్టాను.
ఇదెలా ఉంది నీకు?
"కొంచెం మాసినట్టు."
నాకక్కడ గులాబీ జీర కనిపిస్తోంది.
మరి మూడోది?
కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు
పరీక్ష హాల్లో కుర్రాడిలా.
"గంజి," అన్నాడు. "పలచటి గంజి."

నాక్కూడా.
ఎటు నుంచి చూసినా, కిటికీ మూసి చూసినా
నాక్కూడా గంజే.

ఏళుమలై లుంగీకి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.
"సొల్లుంగమ్మా, ఏది ఖాయం?"
మూడు.
"అప్పుడు ఆ గ్రీను?"
వద్దు.
త్యాగమనుకునేరు, కాదు.
కోపంగానే ఉంది నాకు,
ఆ చీర నాటి కోపం ఇప్పుడొచ్చింది.
అందుకే రెండో చదరం మీద బ్రష్షు పెట్టొద్దన్నాను.
ఎలాగూ అక్కడ ఫ్రిజ్ వస్తుంది.

నాలుగు రోజులకి ఇల్లంతా గంజి.
పొద్దున కాస్త వెచ్చగా, మధ్యాహ్నం చప్పగా,
సముద్రం వైపు మబ్బు పడితే
గోడ ఉందో లేదో తెలియనట్టు.

రాత్రి కరెంటు పోయింది.
ఫ్రిజ్ మూలుగు ఆగింది.
"దాని వెనక వదిలావు చూడు," అన్నాడు,
"అదెలా ఉంటుంది?"
ఆకులా అనబోయి ఆగాను. చిలకలా అనబోయి ఆగాను.
లేత మామిడిపిందె కొరికితే
చెవుల కింద జివ్వుమంటుందే...
"ఊఁ."
అందులో సగం.

చీకట్లో అతను గుటక వేసిన చప్పుడు.